సుధీర్ పేరు మీద

"నేను చెప్పను. కన్నతండ్రి మీరు. చెప్పాలనుంటే ఆ తలుపు తట్టి మీరే చెప్పండి," అంది ఎలీసమ్మ, కత్తిపీట మీంచి లేవకుండానే.

అబ్బులు మాస్టారు వసారా స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. సెమీఫైనల్ జరిగిన గురువారం సాయంత్రం నుంచి ఆ ఇంట్లో తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. ఎవరికి ఏం కావాలన్నా ఎలీసమ్మ చేతే కబురు. మూడు గదుల పెంకుటింట్లో రెండు రోజులుగా ఆవిడ జీతంలేని తపాలా బంట్రోతు ఉద్యోగం చేస్తోంది. ఫైనల్ రోజు, శనివారం పొద్దున్న, ఆ ఉద్యోగం మానేసింది.

కుర్చీలో కూర్చున్న రాజబాబుగారు గొంతు సవరించుకున్నారు. కేశవలంక ఫ్రెండ్స్ ఫుట్‌బాల్ క్లబ్బుకి ఆయన ప్రెసిడెంటు. మలికిపురం నుంచి బయటికి వెళ్లే కొబ్బరికాయల్లో సగం ఆయన లారీల్లోనే వెళతాయి. అలాంటి మనిషి పొద్దున్నే పేటకి వచ్చి ఒక డ్రిల్లు మాస్టారి వసారాలో కూర్చున్నారంటే, కాఫీ కోసం మాత్రం కాదు.

"వదినగారూ, కోప్పడకుండా వినాలి మీరు. అవతలి జట్టోళ్లు కమిటీకి కాగితం పెట్టేరండి. మన గోల్‌కీపరు సుధీర్ కాదు, ఎవడో మలయాళీ అని."

"నిజవే కదండి," అంది ఎలీసమ్మ.

రాజబాబుగారు వాకిలి వైపోసారి చూసి కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

మలికిపురంలో ఏటా జరిగే ఆ కప్పు పోటీ నిబంధన ప్రకారం జట్టులో పైఊరి ఆటగాళ్లు ముగ్గురికి మించకూడదు. ఇరవై నాలుగేళ్లలో నాలుగుసార్లు ఫైనల్ దాకా వెళ్లి, నాలుగుసార్లూ తలకాయ దించుకుని తిరిగొచ్చిన కసితో రాజబాబుగారు ఈ ఏడు నలుగుర్ని తెచ్చారు. ముగ్గురు సొంత పేర్లతోనే ఆడుతున్నారు. నాలుగోవాడు బిజు, కొచ్చిన్ నుంచి వచ్చిన గోల్‌కీపరు. అతను సుధీర్ పేరు మీద ఆడుతున్నాడు. జట్టు జాబితాలో 'సుధీర్, నా కుమారుడు' అని రాసి సంతకం చేసింది క్లబ్బు సెక్రటరీ అబ్బులు మాస్టారే.

"కమిటీ తరఫున నరసింహమూర్తిగారొస్తున్నారండి మధ్యాహ్నం," అన్నారు రాజబాబుగారు. "హెడ్మాస్టరు చేసి రిటైరై రాజోల్లో ఉంటున్నారు. టెన్తు సర్టిఫికెట్టు చూపించమంటారేమోనని హడిలిపోయేం. ఆయనేమన్నారో తెలుసాండి? కాగితాలు నాకొద్దు, అబ్బులు మాస్టారు అబద్ధం ఆడరని అందరూ అంటారు, ఫైనల్ రోజున ఆ జట్టంతా గోల్‌కీపరు ఇంట్లో భోంచేసి బయల్దేరతారట కదా, ఆ వేళకి వెళ్లి, కుర్రాడికి వాళ్లమ్మ వడ్డిస్తుంటే చూసి వచ్చేస్తాను అన్నారు."

వంకాయ సగం తెగి ఆగింది.

"అంటే, ఆ కుర్రాణ్ణి కూర్చోబెట్టి నా కొడుకని నేను వడ్డించాలాండి?"

"ఒక్క పూటేనండి."

"మరి నా కొడుకు?"

రాజబాబుగారు అబ్బులు మాస్టారి వైపు చూశారు. మాస్టారు స్తంభం వైపు చూశాడు. ఇక తప్పదని రాజబాబుగారే చెప్పారు.

"నరసాపురంలో మీ చెల్లెలుగారున్నారు కదండి. సఖినేటిపల్లి రేవులో గోదారి దాటే పంటెక్కితే ఎంతసేపు. సాయంత్రం దాకా అక్కడుండి వచ్చేస్తే, ఇటు భోజనాలకీ ఇబ్బంది ఉండదు, గ్రౌండులో ఎవరూ ఆనవాలు పట్టే పనీ ఉండదు."

"ఊళ్లోవాడు ఊళ్లో ఉంటే ఊరి జట్టు ఓడిపోద్దన్నమాట," అంది ఎలీసమ్మ.

ఈ మాట మరొకరు అడిగి ఉంటే ఎలీసమ్మ చీపురు తిరగేసి ఉండేది. రాజబాబుగారి మీద అంత కోపం ఆవిడకి రాదు. డెబ్భై ఎనిమిదిలో క్లబ్బు పెట్టిన ఏడాది, మొదటి ఫైనల్ రోజున, గోల్‌కీపరు అబ్బులే. అత్తగారు ఇంటి దగ్గర వంట చేసి జట్టుని పిలిచింది. రైతుల పిల్లలు ఆరుగురూ పేట మొదట్లో సైకిళ్లు ఆపుకుని, పేటలో తినడమా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, పదిహేడేళ్ల రాజబాబు లోపలికి వచ్చి చాప మీద మొట్టమొదట కూర్చున్నాడు. కొత్తకోడలు ఎలీసమ్మ చూస్తుండగా, అత్తగారు మొదటి ఆకు అతనికే వేసింది. ఆ సాయంత్రం రాజబాబు తండ్రి అతన్ని ఎడ్లు తోలే ములుగర్రతో కొట్టాడని ఊరంతా చెప్పుకున్నారు. మరుసటేడు ఫైనల్‌కీ మొదట వచ్చి కూర్చున్నది ఆ రాజబాబే. కేశవలంకలో ఫైనల్‌కి ముందు గోల్‌కీపరు ఇంట్లో తినడం అలా ఆనవాయితీ అయింది.

"మీరేనాండి ఈ మాట అడుగుతున్నది?" అంది.

రాజబాబుగారి కళ్లు చెమర్చాయి. ఆయన నటించే మనిషి కాదు.

"నాకు మాత్రం బాధుండదేంటండి. కానీ ఎన్నాళ్లండి? పక్కూళ్లోళ్లు మనల్ని ఏమంటారో తెలుసా? 'కేశవలంకోళ్లా, పాపం భోజనాలు బాగా చేస్తారు' అంటారు. ఆట గురించి ఒక్క ముక్క అనరు. చచ్చేలోగా ఒక్కసారి ఆ కప్పు మన ఊళ్లో చూడాలనుందండి."

"కప్పు వస్తదండి. దాన్ని పట్టుకున్నోడు సోమారానికల్లా కొచ్చిన్ వెళ్లిపోతాడు. మీరు మాత్రం ఎవర్ని చూసి మురుసుకుంటారు?"

అప్పుడు నోరు విప్పాడు అబ్బులు మాస్టారు.

"అలా అంటావేంటే. సర్టిఫికెట్టు వాడి పేరు మీదే ఇస్తారు. రేపు డ్రిల్లు ట్రైనింగు సీటుకి పనికొస్తది. నేను వాడి మంచికే చేసేను."

గది తలుపు తెరుచుకుంది. సుధీర్ బయటికి వచ్చాడు. ఇరవై ఒక్కేళ్ల మనిషి రెండు రోజుల్లో చిక్కిపోయినట్టు కనిపించాడు తల్లి కంటికి. చేతిలో సైకిలు తాళం ఉంది.

"ఏ మంచి నాన్నా?" అని అడిగాడు. గొంతు పెంచలేదు. "గురువారం నేను తాడు అవతల జనంలో నిలబడ్డాను. పెనాల్టీ ఆపేడతను. మైకులో శభాష్ సుధీర్ అన్నారు. జనవంతా సుధీర్, సుధీర్ అని అరిచేరు. నా పక్కన ఒక ముసలాయన ఉన్నాడు. ఎవరబ్బాయ్ ఆ సుధీరు, భలే ఉన్నాడే అని నన్నే అడిగేడు. ఏం చెప్పాలి నేను?"

పొయ్యి మీద పప్పు పొంగి నిప్పుల్లో పడ్డ చప్పుడైంది. ఎలీసమ్మ లేవలేదు.

"ఆ పెనాల్టీ నువ్వాపలేవురా," అన్నాడు అబ్బులు మాస్టారు చివరికి. కొడుకు మొహం చూడకుండా అన్నాడు. "నాకు తెలుసు. పదేళ్లు నీకు నేర్పింది నేనేగా. నువ్వుంటే అది గోలయ్యేది."

"అయ్యేది," అన్నాడు సుధీర్. "ఓడిపోయేవాళ్లం. నా పేరు మీద నేనే ఓడిపోయేవాణ్ణి."

మెట్లు దిగి సైకిలు తీశాడు. ఎలీసమ్మ చెయ్యి కడుక్కోకుండానే వెనకాల నడిచింది.

"ఇంత తినేసి వెళ్లరా. పప్పు ఉడికిపోయింది."

"ఆకలి లేదమ్మా."

"పిన్ని ఇంటికేనా?"

"వెళ్లమన్నారు కదా, వెళ్తున్నాను," అని సైకిలెక్కాడు. చర్చి దాటి రేవు రోడ్డు మలుపు తిరిగేదాకా ఎలీసమ్మ చూస్తూనే నిలబడింది. వెనక్కి తిరిగి ఒక్కసారి చూస్తాడేమోనని ఆవిడ ఆశ. చూడలేదు.

* * *

పదకొండున్నరకి నాగబాబు వచ్చాడు, అందరికంటే ముందు. రైతుబిడ్డ, జట్టులో ఎడమ పక్క వెనకాల ఆడతాడు. జట్టులో మిగిలిన ఏడుగురు ఊరివాళ్లలో ఒకడు. వంటింటి గడప దగ్గర పీట లాక్కుని కూర్చున్నాడు.

"సుధీరు వెళ్లిపోయేడాండి, పిన్నిగారూ?"

"వెళ్లేడు."

నాగబాబు నేల మీద వేలితో గీతలు గీశాడు.

"వాడు గోల్‌లో ఉంటే నేను వెనక్కి చూసేవాణ్ణి కాదండి. ఎడం పక్కకి రా, నాగా, బంతి వస్తందిరా అని అరుస్తూనే ఉండేవాడు. ఈ బిజు మంచోడేనండి, బాగా ఆపుతాడు కూడాను. కానీ నా పేరు తెలీదు అతనికి. నా చొక్కా మీద నెంబరు చూసి ఫోర్, ఫోర్ అంటాడు."

"ఈ రోజు గెలుస్తారంట్రా?"

"గెలుస్తామండి," అన్నాడు నాగబాబు. ఇంట్లో ఎవరికో బాగోలేదని చెప్పినట్టు చెప్పాడు.

పన్నెండు దాటాక జీపులో మిగతావాళ్లు దిగారు. పేటలో ఆడామగా వాకిళ్లలో నిలబడి చూశారు. ఒక్కరూ సుధీర్ ఏడీ అని అడగలేదు. ఊరు నోరు కట్టేసుకుంది. ఊరి పరువు కదా మరి.

బిజు మెడకి మఫ్లర్ చుట్టుకుని దిగాడు. మాఘమాసపు ఎండలో మఫ్లరేమిటంటే, జలుబు చేసి గొంతు పోయిందని చెప్పాలట. తెలుగు రాని గొంతు మరి పోక ఏం చేస్తుంది. ఆ ఉపాయం రాజబాబుగారిదే. ఉపాయం చెప్పి ఆయన మాత్రం గ్రౌండు ఏర్పాట్లని మలికిపురం వెళ్లిపోయారు. ఇరవై నాలుగేళ్లలో ఆ చాప మీద ఆయన కూర్చోని ఫైనల్ ఇదే.

ఆ బిజు మీద కోపం తెచ్చుకుందామని పొద్దున్నించీ అనుకుంటోంది ఎలీసమ్మ. అతను చెప్పులు వాకిట్లోనే విడిచి, కాళ్లు కడుక్కుని, వంగి గడప దాటుతూ "అమ్మా" అన్నాడు. ఏ భాషలో అన్నాడో గాని అది ఆవిడకి తెలిసిన మాటే. కోపం రాలేదు. ఇతని తల్లి ఎక్కడో ఏ ఊళ్లోనో కొడుకు పేరు పేపర్లో పడుతుందేమోనని చూస్తూ ఉంటుంది, అక్కడ ఎవరి పేరు పడిందో ఆవిడకెలా తెలుస్తుంది అనుకుంది.

నరసింహమూర్తిగారు రావడం బాగా ఆలస్యమైంది. సన్నగా, పొడుగ్గా, తెల్లటి చొక్కా వేసుకుని, గొడుగు ముడుస్తూ లోపలికి వచ్చారు. సర్టిఫికెట్ల ఊసే ఎత్తలేదు. చాప చివర చోటు చూసుకుని తనే కూర్చున్నారు.

"నాకు పప్పుచారు వెయ్యండమ్మా, చేప తినను. ఈ భోజనం గురించి విని చాలాకాలమైంది. దాని కోసమైనా మీరు ఏ ఏటికాయేడు ఫైనల్‌కి రావాలని కోరుకునేవాణ్ణి."

అందరూ కొంచెం నవ్వారు. ఎలీసమ్మ వడ్డించడం మొదలుపెట్టింది. కొరమీను పులుసు గిన్నె పట్టుకుని ఒక్కొక్కరి ముందూ వంగి, ముక్కా, పులుసా అని అడుగుతూ వెళ్లింది. బిజుని కూడా అడిగింది. అతను రెండు వేళ్లు చూపించాడు.

"ఇతనేనా అండీ సుధీర్?" అన్నారు నరసింహమూర్తిగారు.

అబ్బులు మాస్టారు ఆకులో అన్నం కలుపుతున్నాడు.

"ఆయ్," అన్నాడు.

రిఫరీ దొరకని రోజుల్లో బంతి గీత దాటిందా లేదా అని రెండు జట్లూ వచ్చి అడిగేది అబ్బులు మాస్టార్నే. తన జట్టు కొంప ముంచే గోలైనా సరే, దాటిందండి అనేవాడు. అలా అన్నందుకే ఒక ఫైనల్ పోయింది. ఆ రోజు ఇంటికొచ్చి పిల్లాడిలా ఏడ్చాడు, కానీ మాట వెనక్కి తీసుకోలేదు. అంతటి మనిషి నోట్లోంచి ఈ ఆయ్ ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి ఎలీసమ్మ గరిటె గిన్నెలో వదిలేసింది.

"గొంతు బాగోలేదాండి పాపం. ఫరవాలేదు, గోల్‌కీపరుకి చేతులు బాగుంటే చాలు," అన్నారు పెద్దాయన. తర్వాత ఎలీసమ్మ వైపు తిరిగారు. "మీ ఒక్కగానొక్క కొడుకటండి? మాస్టారు చెప్పేరు. మీరు కూడా..."

వాకిట్లో సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది.

ఆ చప్పుడు ఎలీసమ్మకి నిద్రలోనైనా తెలుస్తుంది. సుధీర్ రెండు మెట్లెక్కి, వసారాలో వరసగా వేసిన ఆకుల్నీ, తన తండ్రి పక్కన మఫ్లర్‌తో కూర్చున్నవాణ్ణీ, చివరన కొత్త మనిషినీ చూసి అక్కడే ఆగిపోయాడు. ఈపాటికి అందరూ గ్రౌండుకి వెళ్లిపోయి ఉంటారనుకుని వచ్చినట్టున్నాడు. వెనక్కి తిరుగుదామంటే పెద్దాయన చూడనే చూశారు.

"ఎవరబ్బాయివి బాబూ?"

సుధీర్ తండ్రి వైపు చూశాడు. అబ్బులు మాస్టారు కలిపిన అన్నాన్నే మళ్లీ కలుపుతున్నాడు. తల్లి వైపు చూశాడు. ఎలీసమ్మ నోరు తెరుద్దామనుకుంది. ఇరవై నాలుగేళ్ల క్లబ్బు, మొగుడి మాట, చాప మీద తలలు దించుకున్న ఏడుగురు ఊరి పిల్లలు, అన్నీ కలిసి ఆవిడకి అడ్డం పడ్డాయి. ఆ కాస్త ఆలస్యం చాలింది.

"మాది ఈ ఊరు కాదండి," అన్నాడు సుధీర్.

నాగబాబు తల పూర్తిగా ఆకు మీదికి వంగిపోయింది.

"నరసాపురం వెళ్లాలండి. ఆటు మీద పంటు ఇసకలో దిగబడింది, పోటొచ్చేదాకా కదలదన్నారు. మంచినీళ్లు అడుగుదామని వచ్చేను."

"అలాగా. భోజనం వేళకి గడపలోకి వచ్చినవాణ్ణి నీళ్లిచ్చి పంపేస్తారేంటి," అన్నారు నరసింహమూర్తిగారు. "కూర్చో బాబూ. అమ్మా, ఇంకో ఆకు వెయ్యండి."

బిజు పక్కకి జరిగి చోటిచ్చాడు. ఏం జరుగుతోందో అతనికి తెలుసో తెలీదో గాని, మొహం పాలిపోయింది.

ఎలీసమ్మ లోపలికి వెళ్లి అరిటాకు తెచ్చింది. నీళ్లు చల్లింది. తను కన్నవాడు తన ఇంట్లో, దారినపోయేవాడిలాగా మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చుంటే, వంగి అన్నం పెట్టింది. పులుసు గిన్నె తెచ్చి, పొట్ట దగ్గరి ముక్క వెతికి, ముళ్లు చూసి ఆకులో వేసింది. పప్పుచారు అన్నానికి తగలకుండా ఓ పక్కకి పోసింది. అతనికలాగే ఇష్టం. అందర్నీ అడిగి వడ్డించిన మనిషి ఇతన్ని మాత్రం ఏదీ అడగలేదన్న సంగతి ఆవిడకి తట్టనే లేదు.

నరసింహమూర్తిగారి చెయ్యి ఆకు మీద ఆగింది.

సుధీర్ రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్ద కలిపి, తినకుండా వదిలేశాడు. ఎలీసమ్మ ఇంకో గరిటె అన్నం పెట్టబోతే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"చాలండి," అన్నాడు.

పుట్టి మాటలొచ్చిన దగ్గర్నుంచీ చాల్లేవే అమ్మా అన్నాడు, వద్దన్నానా అని విసుక్కున్నాడు, ఒకసారి కంచం తోసేశాడు కూడా. అండి అని ఎప్పుడూ అనలేదు. ఎలీసమ్మ గరిటె పట్టుకుని అలాగే వంగి ఉండిపోయింది. కన్నీళ్లు వస్తున్నాయని తెలుస్తోంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

సుధీర్ ఆకు మడిచాడు. లేచి మెట్ల వైపు నడిచాడు.

"అమ్మా," అన్నారు నరసింహమూర్తిగారు మెల్లగా. జేబులోంచి కాగితం, కలం తీసి, మఫ్లర్ చుట్టుకున్నవాడి వైపు చూపించారు. "మీవారు చెప్పేరు. మీ నోటితో మీరూ ఓ మాట చెప్పేస్తే రాసుకుని వెళ్లిపోతాను. మీ అబ్బాయి ఇతనేనా అండి?"

అబ్బులు మాస్టారు ఇప్పుడు తల ఎత్తి భార్యని చూశాడు. పెళ్లైన ఇన్నేళ్లలో ఆయన ఆవిణ్ణి ఏదీ బతిమాలలేదు. ఇప్పుడు ఆ కళ్లు బతిమాలుతున్నాయి.

ఎలీసమ్మ అన్నం గిన్నె కింద పెట్టింది. చీరచెంగుతో చేతులు తుడుచుకుంది.

"నాకున్నది ఒక్కడేనండి," అంది. "ఆ ఒక్కడూ ఇప్పుడు నా ఇంట్లోంచి ఆకలితో లేచిపోతున్నాడు."

వీధిలో జీపు హారన్ మోగింది. మళ్లీ మోగింది. ఆటకి వేళైందని చాప మీద అందరికీ తెలుసు, ఒక్కరూ లేవలేదు. నరసింహమూర్తిగారు కలం మూత తీసి పట్టుకుని, మెట్ల మీద ఆగిపోయిన కుర్రాడి వైపు చూస్తున్నారు.